దీనార్, దిర్హమ్, టంకా: మధ్యయుగ ఇస్లామిక్ నాణేన్ని వరుసగా చదవడం ఎలా

హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696–97లో, ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ బంగారు నాణెం మీద బొమ్మను పూర్తిగా తీసేయించాడు. అంతకుముందు డమాస్కస్‌లో బైజాంటైన్ చక్రవర్తుల నాణేలనే కాస్త మార్చి కొట్టేవారు. ఎలా మార్చారంటే, శిలువ అడ్డకర్ర తీసేసి నిలువు కొయ్య ఒక్కటే ఉంచేవారు. తర్వాత కొన్నేళ్లు కత్తి పట్టుకుని నిలబడ్డ ఖలీఫా బొమ్మ వేశారు. 77 నుంచి దీనార్‌కు రెండు వైపులా అక్షరాలే. రెండేళ్ల తర్వాత, హిజ్రీ 79లో, వెండి దిర్హమ్‌కూ అదే పద్ధతి వచ్చింది. స్పెయిన్ నుంచి బెంగాల్ దాకా వందల ఏళ్లపాటు వచ్చిన నాణేలు చాలావరకు ఈ నమూనా నుంచే పుట్టాయి.

అందువల్ల ఈ నాణెం చదవడం వచ్చినవాళ్లకు ఒక సమాజం మొత్తం చేతికి అందుతుంది. మధ్యలో మతవిశ్వాసం, చుట్టూ పాలన, తూకంలో వర్తకం. అయితే చాలామంది నాణెం చేతికి రాగానే రాజు పేరు కోసం వెతుకుతారు. పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి. పేరు తెలిశాక కళ్లు దానికి తగ్గట్టే తారీఖును, టంకశాలను చదివేస్తాయి. కాబట్టి ఇక్కడి వరుస వేరు: ముందు తూకం, తర్వాత లోహం, తర్వాత మధ్యభాగం, ఆపైన అంచు. పేరు చివర.

ముందుగా కావలసినవి

0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, వీలైతే 0.001 గ్రాము చూపేది. వ్యాసం కొలవడానికి ప్లాస్టిక్ కాలిపర్, ఎందుకంటే ఉక్కుది బంగారాన్ని గీస్తుంది. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం. పక్క నుంచి వాలుగా పడేలా పెట్టుకునే ఒక టేబుల్ లైటు. అరిగిపోయిన అక్షరం నిలువు వెలుతురులో కనబడదు, పక్క వెలుతురులో దాని నీడ తెలుస్తుంది. లైటును ఒకచోట ఉంచి నాణేన్ని పావు పావు వంతు తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక ఫొటోలో లేని గీత మరోదాంట్లో దొరుకుతుంది.

నాణేన్ని అంచులతో పట్టుకోండి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి ఏదీ దాని దగ్గరికి రాకూడదు. ఇత్తడి చెంబు మెరిపించే పని ఇక్కడ చేస్తే వెండి మీది నల్లటి పొరతో పాటు సన్నని గీతలూ పోతాయి. రాగి నాణెం మీద గట్టిపడ్డ ఆకుపచ్చ పొర అక్షరాలను కాపాడే కవచం లాంటిది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తాకండి, అంతే. దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు. కొన్నేళ్లకు అవి జిగురు వదిలి రాగిని, వెండిని తినేస్తాయి.

తూకం

అబ్దుల్ మలిక్ స్థిరపరిచిన దీనార్ బరువు ఒక మిస్ఖాల్, సుమారు 4.25 గ్రాములు. దిర్హమ్ అందులో పదింట ఏడో వంతు, అంటే సుమారు 2.97 గ్రాములు. ఏడు దీనార్ల బరువు, పది దిర్హమ్‌ల బరువు ఒకటే అన్న ఈ లెక్క జకాత్ లాంటి మతపరమైన చెల్లింపుల్లోనూ వాడారు. అందుకే ప్రభుత్వాలు మారినా ధర్మశాస్త్ర గ్రంథాల్లో అది మారలేదు. తొలి దీనార్ వ్యాసం సుమారు 19–20 మిల్లీమీటర్లు. దిర్హమ్ పలుచగా, వెడల్పుగా 25–29 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఢిల్లీ సుల్తానుల వెండి టంకా దాదాపు 11 గ్రాములు, దిర్హమ్‌కు మూడున్నర రెట్లకు పైనే. ముహమ్మద్ బిన్ తుగ్లక్ పాలన మొదట్లో సుమారు 12.8 గ్రాముల బంగారు దీనార్, సుమారు 9 గ్రాముల వెండి అద్లీ కొట్టించి, కొద్ది ఏళ్లకే మానేశాడు. కాబట్టి త్రాసు మీద 9 గ్రాముల వెండి ఢిల్లీ నాణెం కనబడితే తగ్గిన టంకా అని పక్కన పెట్టేయకండి, అద్లీ కావచ్చు.

బరువు తక్కువైనంత మాత్రాన నకిలీ కాదు. దీనికి కారణం తెలుసుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. తొలి రెండు శతాబ్దాల్లో టంకశాల ఒక్కొక్క బిళ్లనూ తూచి సరిచేసేది, అందుకే మంచి స్థితిలో ఉన్న ఉమయ్యద్ దీనార్లు ఒకదానికొకటి దాదాపు సమానంగా తూగుతాయి. పదో శతాబ్దానికి వచ్చేసరికి చాలాచోట్ల ఈ సరిచేయడం వదిలేశారు. వర్తకులు నాణేలను లెక్కపెట్టడం మాని సంచితో సహా తూచుకోవడం మొదలుపెట్టారు. తూకం కుదరడానికి దిర్హమ్‌లను ముక్కలుగా కత్తిరించి కలిపేవారు. ఆ కాలపు నాణెం ఒకటి 2.4 గ్రాములు, పక్కది 3.8 గ్రాములు ఉన్నా రెండూ అసలువే కావచ్చు. అదే హిజ్రీ 100 నాటి దీనార్ అంచులు నిండుగా ఉండి కూడా 3.6 గ్రాములే తూగితే గట్టిగా అనుమానించాలి.

ఈజిప్టులో నాణేల్ని సరిచూడడానికి గాజు తూకపు బిళ్లలు వాడేవారు. వాటి మీద గవర్నర్లు, ఖజానా అధికారుల పేర్ల ముద్రలు ఉంటాయి, ‘నిండు తూకం ఇవ్వండి’ అన్న ఆజ్ఞ కూడా కొన్నిటి మీద కనబడుతుంది. గాజు తుప్పు పట్టదు, గీకి తగ్గిస్తే వెంటనే తెలిసిపోతుంది. తూకంలో మోసం చేసేవాళ్లకు నాశనం తప్పదని హెచ్చరించే ఖురాన్ 83వ సూరా, అంటే అధ్యాయం, వినే సమాజంలో, బజారు తనిఖీ చేసే ముహ్తసిబ్ చేతిలో ఇలాంటి బిళ్ల ఉండేది. మతం, ప్రభుత్వం, దుకాణం మూడూ ఒకే గాజు ముక్కలో కలిసిన చోటు ఇది. మ్యూజియంలో వీటిని పూసలనుకుని దాటిపోకండి.

లోహం తేల్చుకోవడం

గీటురాయి మీద గీయొద్దు, ఆ గీత శాశ్వతం. నీళ్లతో తూచే పద్ధతి నాణేనికి హాని చేయదు. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నని దారానికి నాణెం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా పట్టుకోండి. త్రాసు చూపే అంకె నాణెం తోసేసిన నీటి బరువు. గాలిలోని బరువును దానితో భాగించండి. స్వచ్ఛమైన బంగారానికి 19.3, వెండికి 10.5, రాగికి సుమారు 8.9, ఇత్తడికి సుమారు 8.5, సీసానికి 11.3 వస్తుంది.

ఇక్కడ త్రాసు నాణ్యత చాలా ముఖ్యం. 4.25 గ్రాముల మేలిమి దీనార్ తోసే నీరు 0.22 గ్రాములే. 0.01 గ్రాము తేడా చూపే త్రాసు 0.23 అని చూపితే సాంద్రత 18.5కు పడిపోతుంది, 0.21 అంటే 20.2కు ఎగబాకుతుంది. అలాంటి త్రాసుతో బంగారం వన్నె తేల్చడం కుదరదు, పూత వేసిన రాగినో ఇత్తడినో పట్టుకోవడం మాత్రం కుదురుతుంది. రెండో ఇబ్బంది గాలి బుడగలు. అవి అక్షరాల మూలల్లో అంటుకుని సాంద్రతను తక్కువగా చూపిస్తాయి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే అంటుకోవు. పగుళ్లున్న వెండి, పొలుసులు లేస్తున్న రాగి మాత్రం నీళ్లలో దించొద్దు.

మధ్యభాగం: విశ్వాసం

ఇప్పుడు చదవడం. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తొలి నాణేల మీది కూఫీ లిపిలో చుక్కలు ఉండవు, అక్షరాలు కోణాలుగా, నిటారుగా ఉంటాయి. నాణేన్ని ఏ వైపు పైకి పెట్టాలో తెలియాలంటే మూడు అడ్డ వరుసలున్న వైపు తీసుకుని, పై వరుస కుడి చివర ‘లా’ కోసం చూడండి. అడుగున కలిసిన రెండు నిలువు గీతలు. ఆ వరుసలోనే అది మళ్లీ వస్తుంది. దొరికితే పట్టుకున్న తీరు సరైనదే. వరుసలు ఇలా నడుస్తాయి: ‘లా ఇలాహ ఇల్లా’, ‘అల్లాహు వహ్దహు’, ‘లా షరీక లహు’. అల్లా తప్ప ఆరాధ్యుడు లేడు, ఆయన ఒక్కడే, ఆయనకు సాటి లేరు.

ఆ వాక్యం శతాబ్దాలపాటు మారలేదు కనుక దాన్నిబట్టి కాలం తెలియదు. కాలం చెప్పేది రెండో వైపు మధ్యభాగం. అక్కడ ‘అల్లాహు అహద్ అల్లాహుస్సమద్ లమ్ యలిద్ వలమ్ యూలద్’ అని ఖురాన్ 112వ సూరా ఉంటే ఉమయ్యద్ నాణెం. దేవుడు ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అన్న ఈ మాట బైజాంటైన్ నాణేల మీది శిలువకూ క్రీస్తుకూ సూటి జవాబు. హిజ్రీ 132లో అబ్బాసీలు అధికారం చేజిక్కించుకున్నాక ఆ చోటికి ‘ముహమ్మద్ రసూల్ అల్లాహ్’ వచ్చింది. ప్రవక్త బంధువర్గం మాది అని చెప్పుకుంటూ వచ్చినవాళ్లకు ఆ పేరు మధ్యలో ఉండడం అవసరం. ‘అలీ వలీ అల్లాహ్’ కనబడి, అక్షరాలు గుండ్రని వలయాలుగా ఒకదానిలో ఒకటి ఉంటే ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికాలు ఏలిన ఫాతిమీల నాణెం అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్ల దీనార్లు బంగారం వన్నెకు పేరు మోసినవి.

ఏ ఖురాన్ వాక్యం ఎంచుకున్నారో గమనించడం బాగా పనికొస్తుంది. ఉమయ్యద్‌ల మీద తిరుగుబాటు చేసినవాళ్లు హిజ్రీ 127–132 మధ్య కొట్టిన దిర్హమ్‌ల మీద ‘నేను మీ నుంచి ఏ ప్రతిఫలమూ అడగను, బంధుత్వపు ప్రేమ తప్ప’ అన్న 42వ సూరా వాక్యం వేశారు. ఏ వంశం గద్దె ఎక్కాలో పేరు చెప్పకుండానే చెప్పారన్నమాట. అంతకుముందు ఖారిజీ తిరుగుబాటుదారులు ‘లా హుక్మ ఇల్లా లిల్లాహ్’, తీర్పు చెప్పే హక్కు దేవుడిదే అని అంచున చెక్కించారు. ఖలీఫా మామూన్ కాలంలో, తొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో, ఒక వైపు అంచున రెండో వరుస చేరింది. అందులో ‘ముందూ వెనుకా ఆజ్ఞ అల్లాదే, ఆ రోజున విశ్వాసులు అల్లా సాయానికి సంతోషిస్తారు’ అన్న 30వ సూరా వాక్యం ఉంటుంది. సోదరుడు అమీన్‌తో జరిగిన అంతర్యుద్ధంలో గెలిచినవాడి మాట అది. రెండు వరుసల అంచు కనబడితే మామూన్‌కు ముందు కాలం కాదని దాదాపుగా చెప్పవచ్చు.

భారతదేశపు సరిహద్దులో ఈ పద్ధతి సడలింది. గజనీ మహమూద్ హిజ్రీ 418, 419లలో మహమూద్‌పూర్ టంకశాలలో, అంటే లాహోర్‌లో, కొట్టించిన దిర్హమ్‌లకు ఒక వైపు అరబీ, మరో వైపు నాగరి లిపిలో సంస్కృతం. ‘అవ్యక్తం ఏకం ముహమ్మద అవతార నృపతి మహమూద’ అని ఉంటుంది. ముహమ్మద్ ఘోరీ బంగారు నాణేల మీద కూర్చున్న లక్ష్మీదేవి బొమ్మ, వెనుక ‘శ్రీ మహమద బిని సామ’ అన్న నాగరి అక్షరాలు కనబడతాయి. ఉత్తరాది బజారులో లక్ష్మి నాణెం నమ్మకంగా చెల్లుతోంది, గెలిచినవాడు దాన్నే కొనసాగించాడు. కాబట్టి బొమ్మ ఉంది కదా ఇస్లామిక్ నాణెం కాదని తోసెయ్యడానికి లేదు.

అంచు: ఊరు, సంవత్సరం

అంచు అక్షరాల పాదాలు నాణెం మధ్యవైపు ఉంటాయి, అందువల్ల చదువు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. మొదట ‘బిస్మిల్లాహ్’ పట్టుకోండి. తర్వాత ‘దురిబ హాజా అల్ దీనార్’ లేదా ‘అల్ దిర్హమ్’, అంటే ఈ దీనార్ కొట్టబడింది. ఆ వెనుక ‘బి’ అనే అక్షరంతో అతుక్కుని ఊరి పేరు. తర్వాత ‘ఫీ సనత్’, ఆ సంవత్సరంలో. చివరికి అంకె, మాటల్లో.

ఉమయ్యద్ దీనార్‌లో ఊరి పేరు కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. మామూన్ కాలం దాకా బంగారం మీద సాధారణంగా టంకశాల పేరు ఉండదు. దిర్హమ్ మీద మాత్రం మొదటినుంచీ ఉంటుంది: డమాస్కస్‌కు దిమష్క్, ఇరాక్‌లో వాసిత్, బాగ్దాద్‌కు మదీనత్ అస్సలామ్, రయ్‌కు అల్ ముహమ్మదియ్య, తాష్కెంట్ ప్రాంతానికి అల్ షాష్. బాగ్దాద్ కట్టడం మొదలైంది క్రీ.శ. 762లో, హిజ్రీ 145లో. అంతకుముందు సంవత్సరం చదివి మదీనత్ అస్సలామ్ అని చదివితే రెండింట్లో ఒకటి తప్పు చదివినట్టే. ఢిల్లీ టంకాల మీద ‘బిహద్రత్ దిహ్లీ’ వస్తుంది. కానీ ఢిల్లీ టంకశాలలో అచ్చు కన్నా బిళ్ల చిన్నది కావడంతో అంచు వలయం చాలా నాణేలపై సగం కూడా పడలేదు. అలాంటప్పుడు లేని అంచును ఊహించొద్దు. సుల్తాను, ఖలీఫా పేర్లతో వీలైనంత కాలాన్ని కుదించి ఆపేయండి.

అంకెలో ఒకట్ల స్థానం ముందు, తర్వాత పదులు, తర్వాత వందలు. ఒకట్లు: ఇహ్దా, ఇస్నతైన్, సలాస్, అర్బఅ, ఖమ్స్, సిత్త్, సబ్అ, సమాన్, తిస్అ. పదులు: అష్ర్, ఇష్రీన్, సలాసీన్, అర్బయీన్, ఖమ్సీన్, సిత్తీన్, సబయీన్, సమానీన్, తిసయీన్. వందకు మిఅ, రెండు వందలకు మిఅతైన్. మాటల మధ్య ‘వ’ అంటే ‘మరియు’. ‘సబ్అ వ సబయీన్’ అంటే 77.

ఇక్కడే అసలు చిక్కు. చుక్కలు లేని కూఫీలో ఏడు, తొమ్మిది ఒకేలా కనబడతాయి. రెండింట్లోనూ వరుసగా నాలుగు పళ్లు, అంటే రంపపు పళ్లలాంటి పొట్టి నిలువు గీతలు, చివర ‘ఐన్’ అక్షరం. ఏడులో మొదటి మూడు పళ్లు ‘సీన్’ అక్షరానివి, నాలుగోది ‘బే’. తొమ్మిదిలో మొదటి పన్ను ‘తే’, మిగతా మూడు ‘సీన్’. జాగ్రత్తగా చెక్కిన అచ్చులో ఆ ఒంటరి పన్ను కాస్త ఎత్తుగా ఉంటుంది. మొదటి పన్ను ఎత్తైతే తొమ్మిది, నాలుగోది ఎత్తైతే ఏడు. 70, 90లకూ ఇదే గతి. కాబట్టి 77, 79, 97, 99 నాలుగూ ఒకదానికొకటి పొరపడతాయి. భూతద్దంతో నాలుగు పళ్ల ఎత్తులు కాగితం మీద గీసుకోండి. తేలకపోతే ఇతర ఆధారాలు చూడండి: సంస్కరించిన దిర్హమ్ 79 నుంచే విరివిగా దొరుకుతుంది కాబట్టి దిర్హమ్ మీద 77 చదివితే ముందు దాన్నే అనుమానించాలి. అరిగిన నాణెం మీద 30, 80 కూడా తారుమారవుతాయి. సలాసీన్ మధ్యలో ఎత్తైన ‘లామ్’ గీత, సమానీన్‌లో చిన్న గుండ్రని ‘మీమ్’ ఉంటాయి.

హిజ్రీని క్రీ.శ.కు మార్చడం

చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. 622 కలిపితే చాలనుకోవడం అందుకే కుదరదు, ఏడో శతాబ్దపు హిజ్రీకి వచ్చేసరికి దాదాపు 20 ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.970229తో గుణించి 621.58 కలపండి. వచ్చేది ఆ సంవత్సరం మొదలైన సమయం. 418కి 405.56, దానికి 621.58 కలిపితే 1027.14, అంటే 1027 ఫిబ్రవరిలో మొదలు. 157కి 773.9, అంటే 773 చివర్లో మొదలై ఎక్కువ భాగం 774లో నడిచింది. కాబట్టి ఎప్పుడూ 773–74 అని రెండు సంవత్సరాలూ రాయండి.

ఈ సూత్రం చెల్లని సందర్భాలు రెండున్నాయి. ఇరాన్‌లో తొలి అరబ్ గవర్నర్లు ఇస్లాంకు ముందు అక్కడ ఏలిన సాసానీ రాజు బొమ్మతోనే, సంవత్సరాన్ని పహ్లవీ అనే పాత ఇరానీ లిపిలో వేసి దిర్హమ్‌లు కొట్టించారు. వాటిలో కొన్నిటి మీది సంవత్సరం క్రీ.శ. 632తో మొదలయ్యే యజ్దగిర్ద్ శకానిది, దానికి 631 కలిపితే సరిపోతుంది. రెండోది క్రూసేడర్లది, అంటే పవిత్రభూమి కోసం యుద్ధాలకు వచ్చిన ఐరోపా క్రైస్తవులది. పాలస్తీనా తీరంలోని ఏకర్‌లో వాళ్లు ముస్లిం నాణేల్ని అచ్చంగా అనుకరించి కొట్టేవారు, ముస్లిం వర్తకులతో వ్యాపారానికి అవే కావాలి. పోప్ ప్రతినిధి అభ్యంతరం చెప్పాక అరబీ లిపిని అలాగే ఉంచి మాటలు మార్చారు: ‘తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ, ఒకే దేవుడు’. వాటి మీద 1251 అని అరబీ మాటల్లో ఉన్నది క్రీస్తు శకమే, మార్చాల్సిన పని లేదు.

పేరు, ఆఖరున

శుక్రవారం నమాజు ప్రసంగమైన ఖుత్బాలో పేరు చదివించుకోవడం, సిక్కా అంటే నాణెం మీద పేరు వేయించుకోవడం, ఈ రెండూ రాజ్యాధికారానికి గుర్తులు. అందువల్ల నాణెం మీద ఎవరి పేరుందన్నది ఆషామాషీ విషయం కాదు. కానీ ఒకే పేరు ఉండాలన్న నియమం లేదు. క్రీ.శ. 945లో బాగ్దాద్ పట్టుకున్న ఇరానీ వంశం బువైహీలు అబ్బాసీ ఖలీఫా పేరును ఉంచి, పక్కనే ‘ముయిజ్ అద్దౌలా’, ‘అజుద్ అద్దౌలా’ లాంటి తమ బిరుదులు వేసుకున్నారు. అసలు అధికారం ఎవరిదో ఆ బిరుదులు చెబుతాయి, దానికి ఆమోదం ఎక్కడి నుంచి కావాలో ఖలీఫా పేరు చెబుతుంది. బుఖారాలో ఏలిన సామానీలదీ అంతే. ఒక పేరు చదవగానే ఆగిపోవద్దు, రెండో వైపు కూడా చూసి పేర్లన్నీ రాసుకుని, ఎవరెవరు ఏ సంవత్సరాల్లో బతికున్నారో పక్కపక్కన పెట్టండి. అవి కలిసే చోటే నాణెం కాలం.

ఢిల్లీలో ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. ఇల్తుత్‌మిష్‌కు బాగ్దాద్ ఖలీఫా నుంచి గుర్తింపు పత్రం 1229లో అందింది. ఆ తర్వాత టంకాల మీద ఖలీఫా పేరు సాధారణమైంది. 1258లో మంగోల్ నాయకుడు హులగూ బాగ్దాద్‌ను ధ్వంసం చేసి ఖలీఫా ముస్తసిమ్‌ను చంపించాడు. అయినా ఢిల్లీ టంకాల మీద ‘అల్ ఇమామ్ అల్ ముస్తసిమ్’ పేరు జలాలుద్దీన్ ఖిల్జీ కాలం దాకా, అంటే 1290ల దాకా కొనసాగింది. అతని పేరుందని 1258కి ముందుదని తేలిస్తే ముప్పై ఏళ్లకు పైగా పొరబడతారు. అలాఉద్దీన్ ఖిల్జీ ఆ పేరు తీసేసి ‘సికందర్ అస్సానీ’, రెండో అలెగ్జాండర్, అని వేసుకున్నాడు. అతని కొడుకు ముబారక్ ఏకంగా తనే ఖలీఫానని ప్రకటించుకున్నాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ హిజ్రీ 741 నుంచి తన పేరు తీసేసి కైరోలోని అబ్బాసీ ఖలీఫా ముస్తక్ఫీ పేరు వేయించాడు. ఆ ఖలీఫా అప్పటికే చనిపోయాడు, ఆ వార్త ఢిల్లీకి చేరలేదు. సుల్తాను పేరే లేని 14వ శతాబ్దపు ఢిల్లీ నాణెం దొరికితే ముందు ఈ ఏళ్లను చూడండి.

అదే సుల్తాను హిజ్రీ 730–732లో ఇత్తడి, రాగి నాణేలకు వెండి టంకా విలువ కట్టాడు. వాటి మీద ‘సుల్తానుకు విధేయుడైనవాడు దయామయుడైన దేవుడికి విధేయుడైనట్టే’ అని అరబీలో వేయించాడు. లోహంలో లేని విలువను మతపరమైన ఆజ్ఞతో నింపే ప్రయత్నమది. కానీ ఇత్తడి అందరి ఇళ్లలోనూ ఉంది, ఆ అచ్చు చెక్కడానికి ఏ కంసాలి అయినా చాలు. నకిలీలు వెల్లువెత్తాయి. చివరికి ఖజానా వాటిని తీసుకుని వెండి, బంగారం చెల్లించాల్సి వచ్చింది. అంతకు మూడున్నర దశాబ్దాల ముందు, 1294లో, ఇరాన్‌లోని తబ్రీజ్‌లో మంగోల్ ఇల్‌ఖాన్ గైఖాతు చైనా పద్ధతిలో కాగితపు డబ్బు ప్రవేశపెడితే బజారే మూతపడింది. ఇత్తడి టంకాను పరిశీలించేటప్పుడు ప్రభుత్వ అచ్చా, ఆనాటి దొంగ అచ్చా అని తేల్చడం కష్టం. అక్షరదోషాలు, అతి తక్కువ బరువు దొంగ అచ్చుకు సూచనలు.

వర్తకం వదిలిన గుర్తులు, నకిలీలు

నాణెం మీది గాట్లను పాడైపోయిన భాగాలుగా చూడొద్దు. సామానీ దిర్హమ్‌లు వోల్గా నది మీదుగా బొచ్చుతోళ్లకూ బానిసలకూ బదులుగా ఉత్తర ఐరోపా చేరాయి. స్వీడన్‌లోని గోట్‌లాండ్ ద్వీపంలో 1999లో దొరికిన స్పిల్లింగ్స్ నిధిలో 14 వేలకు పైగా నాణేలు, అత్యధికం ఇస్లామిక్‌వే. అక్కడ అరబీ ఎవరికీ రాదు, వాళ్లకు వెండే ముఖ్యం. కత్తి మొనతో పొడిచి, కాస్త వంచి వెండి మెత్తదనం చూసేవారు. అలాంటి చిన్న పొడుపుగాట్లుంటే నాణెం ఉత్తరానికి వెళ్లి వచ్చిందన్న ఆధారం దొరికినట్టే. పైన చిన్న రంధ్రం ఉంటే హారంలో గుచ్చారు. దాని వల్ల రెండు మూడు శాతం బరువు తగ్గుతుంది, తూకం రాసేటప్పుడు రంధ్రం సంగతీ రాయండి.

తప్పుల అరబీ చూసి ఆధునిక నకిలీ అని తీర్మానించకండి. ఇంగ్లాండులోని మెర్సియా రాజు ఆఫా హిజ్రీ 157 నాటి ఖలీఫా మన్సూర్ దీనార్‌ను అనుకరించి బంగారు నాణెం కొట్టించాడు. ‘ఆఫా రెక్స్’ అన్న లాటిన్ అక్షరాలు అరబీకి తలకిందులుగా ఉంటాయి. అచ్చు చెక్కినవాడికి అరబీ తెలియదు, కానీ బజారులో ఆ రూపానికున్న నమ్మకం తెలుసు. ఆధునిక నకిలీని లోహమే పట్టిస్తుంది. కొట్టిన నాణెం అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, పోత పోసినదాని అక్షరాలు మెత్తగా, చుట్టూ ఉన్న చదును భాగంలో సూదిమొనంత గుంటలతో ఉంటాయి. నాణేన్ని నిలబెట్టి అంచు చుట్టూ చూస్తే పోతది రెండు భాగాలు కలిసిన గీతను, లేదా దాన్ని అరగదీసిన ఆకురాయి గుర్తులను చూపిస్తుంది. ఒకే అచ్చుతో కొట్టినవి చాలానే ఉండొచ్చు, కానీ రెండు నాణేలకు ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు ఉంటే రెండూ ఒకే మూసలోవి.

మన ప్రాంతంలో దొరికితే

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచాక దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాయి. తుగ్లక్‌ల నాణేల మీద ‘సుల్తాన్‌పూర్’, ‘ముల్క్ ఇ తిలంగ్’ అన్న టంకశాల పేర్లు మన నేలవి. కాకతీయ రాజధాని పరిపాలన ఎవరి చేతికి, ఏ పేరుతో వెళ్లిందో చెప్పే చిన్న సాక్ష్యాలు అవి. హైదరాబాద్ చుట్టుపక్కల మరింత తరచుగా కనబడేది కుతుబ్‌షాహీల రాగి నాణెం. అబ్దుల్లా కుతుబ్‌షా పేరు మీది హిజ్రీ 1068 నాణేలపై ‘ఖుతిమ బిల్ ఖైర్ వస్సఆద’, మేలుతో శుభంతో ముగియుగాక, అన్న వాక్యం ఉంటుంది. పైన చెప్పిన సూత్రంతో 1657–58 వస్తుంది.

పొలంలో, పునాదిలో నాణేలు బయటపడితే కడగకుండా, విడదీయకుండా, కుండతో సహా ఉంచండి. ఏ నాణెం ఏ నాణెంతో కలిసి దొరికిందన్నది ఒక్కొక్కదాని మీది రాత కన్నా ఎక్కువ చెబుతుంది. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువ ఉన్న ఏ నిధి దొరికినా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి, తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే దారి చూపుతారు. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న బంధువులకు కానుకగా పంపడం కూడా ఇందులోకే వస్తుంది.

ప్రతి నాణేనికీ ఒక కాగితం కవరు పెట్టుకుని దాని మీద ఇవి రాయండి: లోహం, బరువు రెండు దశాంశాల దాకా, వ్యాసం, రెండు వైపుల మధ్యభాగం వరుసలు, అంచు రాత, చదవగలిగిన పేర్లు, హిజ్రీ సంవత్సరం, క్రీ.శ. సంవత్సరాలు. కనబడని అక్షరాల చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపినవాటిని బ్రాకెట్లలో ఉంచండి. రెండు వైపులనూ నిలువుగా తిప్పితే సరిపోలాయా, పక్కకు తిప్పితేనా అన్నది గడియారం అంకెతో గుర్తించండి, పన్నెండు అంటే రెండు వైపుల పైభాగాలూ ఒకే దిక్కు. రాత ముగించి కవరు అతికించబోయే ముందు మళ్లీ ఒకసారి తూచండి. మొదటి తూకానికీ దీనికీ 0.02 గ్రాముల కన్నా ఎక్కువ తేడా వస్తే త్రాసు సరిచేసుకుని మొదటి నుంచి తూచాలి.